అక్క చనిపోవాలట

మార్చి 4, సోమవారం

ఐదుగురి కథలకీ కామెంట్లు పెట్టడం అయింది. ఇక నా వంతు. గురువారం.

‘కలం చుట్టాలు’ గ్రూపులో అదీ పద్ధతి. నీ కథ పెట్టాలంటే ముందు ఐదుగురివి చదవాలి. చదవాలని రూల్లో ఉంది గానీ, చదివినట్టు కామెంట్ పెడితే సరిపోతుందని అందరికీ తెలుసు. గులాబీ పువ్వు ఫొటో పెట్టుకున్న ఒకావిడ ఉంది. నేను గులాబీ అనే అంటాను. ఇవాళ నా టీ చల్లారే లోపు ఆవిడ ఐదుగురికీ గుండె బరువెక్కింది అని పెట్టేసింది. అందులో ఒకటి హాస్య కథ. రాసినాయన ఆవిడకి ధన్యవాదాలు చెప్పి దండం బొమ్మ కూడా పెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. నేను ఐదూ చదివాను. బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడి చదివాను. ఒకాయన కథలో హీరోయిన్ మొదట్లోనే వితంతువు, చివర్లో మొగుడికి కాఫీ ఇస్తుంది. ఆ సంగతే మర్యాదగా రాశాను. నన్ను బ్లాక్ చేశాడు.

అయినా ఈ గ్రూపు వదలను. వదిలి ఎక్కడికి పోను? మా కట్టుడు పళ్ళ ల్యాబ్‌లో కథ రాశానంటే ఏ ఛానెల్లో వస్తుంది అని అడుగుతారు. మా ఆయనకి ఫోన్ ఇచ్చి చదవమంటే వేలితో పైకి తోసుకుంటూ చివరికి వెళ్ళి, బాగుంది అని ఫోన్ తిరిగిచ్చేస్తాడు. నా కథ పూర్తిగా చదివి, ఇదిగో ఇక్కడ బాగోలేదు అని చెప్పే మనిషి ఒక్కరు కావాలి. ఒక్కరంటే ఒక్కరు. దానికోసం ఇంత దేబిరింపు.

మార్చి 5, మంగళవారం

అక్కతో మళ్ళీ తగాదా.

అక్క డ్రైవింగ్ స్కూల్లో నేర్పిస్తుంది. పక్క సీట్లో కూర్చుని, నేర్చుకునేవాళ్ళు తప్పు చేసినప్పుడల్లా తన కాలి కింద ఉన్న రెండో బ్రేకు తొక్కడం ఆవిడ ఉద్యోగం. ఏళ్ళ తరబడి తొక్కీ తొక్కీ ఇంట్లోవాళ్ళతో కూడా అలాగే తయారైంది. మనం నోరు తెరిస్తే చాలు, బ్రేకు.

పోయిన నెల సీటు బెల్టు సర్దుకుంటుంటే రొమ్ములో గడ్డ చేతికి తగిలిందట. బఠాణీ గింజంత అంది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని నాకొక్కదానికే చెప్పింది. చెప్పి ఊరుకుంది. చూపించుకోవే అంటే ఈ బ్యాచ్ అయిపోనీ అంటుంది. ఈ బ్యాచ్ అయ్యేలోగా ఇంకో బ్యాచ్. ఇవాళ ఫోన్లో గట్టిగా అడిగితే, నీకు పళ్ళు అరగదీసే పని లేదా, అది చూసుకో పో అని పెట్టేసింది.

మనిషికి భయం. నాకు తెలుసు. భయమేస్తోందే అని ఒక్కసారి ఒప్పుకుంటే తన సొమ్మేం పోతుంది?

నోటితో చెబితే దెబ్బలాటే అవుతోందని ఫోన్ నోట్స్‌లో ఒక మెసేజ్ రాసుకుంటున్నాను. చాలా రోజులుగా రాస్తున్నాను. పంపాలి.

మార్చి 6, బుధవారం

కథ దిద్దడం పూర్తయింది. మా ల్యాబ్‌కి డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తే మేం పళ్ళు చేసి పంపిస్తాం. కథ కూడా అక్కడిదే. కొత్త పళ్ళు తెల్లగా వద్దు, నా పాతవాటంత పచ్చగానే చెయ్యండి, లేకపోతే నా నవ్వు మా పిల్లాడికి కొత్త అవుతుంది అని పట్టుబట్టిన ఒకావిడ కథ. నాలుగు నెలలు రాశాను. నేను రాసినవాటిలో ఇదే మంచిది. గొప్పలు కాదు, నాకు తెలుస్తోంది.

అక్క మెసేజ్‌లో ఒక వాక్యం ఇంకా కుదరలేదు. ‘నాకు భయంగా ఉంది’ అన్న తరవాత ఏదో తక్కువైంది. పొద్దున్నే చూడాలి.

మార్చి 7, గురువారం, మధ్యాహ్నం

పెట్టేశాను.

లంచ్‌లో, చేతులకి ప్లాస్టర్ పొడి ఉండగానే, నోట్స్‌లోంచి కాపీ కొట్టి గ్రూపులో పెట్టాను. వెంటనే మొదలయ్యాయి. టింగు టింగుమని ఒకటే మోత. ల్యాబ్ సార్ అద్దంలోంచి చూస్తున్నాడు. ఒక డాక్టర్ పళ్ళు సాయంత్రానికే కావాలని కూర్చున్నాడు.

గ్రూపులో ఇంకో రూలు. కామెంట్ పెట్టిన ప్రతి ఒక్కరికీ రాసినవాళ్ళు అదే రోజు ధన్యవాదాలు చెప్పాలి. చెప్పకపోతే పొగరని అడ్మిన్ గారు తరవాతి వంతు వెనక్కి నెడతారు. అందుకని ‘ధన్యవాదాలండీ’ అని ఒకసారి కొట్టి, దండం బొమ్మ తగిలించి, అందరి కిందా అదే అతికించుకుంటూ పోయాను. చదవడం ఇంటికెళ్ళాక తీరిగ్గా.

ఇంతమంది ఎప్పుడూ రాలేదు నాకు. నాలుగు నెలల కష్టం ఊరికే పోలేదు.

అదే రోజు, సాయంత్రం

అది నా కథ కాదు.

మార్చి 8, శుక్రవారం

నిన్న బస్సులో చూసినప్పుడు నోట మాట రాలేదు. ఇవాళ వస్తోంది, అన్నీ తిట్లే. ముందు నన్ను నేను తిట్టుకుంటాను.

మొన్నటిదాకా నోట్స్‌లో పైన పళ్ళ కథ ఉండేది. నిన్న పొద్దున అక్క మెసేజ్‌లో ఆ ఒక్క వాక్యం మార్చాను. మార్చింది పైకెక్కుతుంది కదా. నేను పైన ఉన్నదాన్ని కాపీ కొట్టాను. అంతే జరిగింది. వాక్యం దిద్దకుండా పంపేసి ఉంటే ఇది జరిగేది కాదు. అక్క గడ్డ పెట్టుకుని తిరుగుతుంటే నేను వాక్యాలు సాన పడుతున్నాను. మెసేజ్‌కి కూడా.

పెట్టింది ఇదీ:

‘అక్కా, నోటితో మాట్లాడితే నువ్వే గెలుస్తావు, అందుకే రాస్తున్నాను. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే ముక్కు మూసి మందు పోసేదానివి. ఇప్పుడు నీ ముక్కు ఎవరు మూయాలి? బెల్టు పెట్టుకున్నాక కూడా నీ చెయ్యి కాసేపు ఆ గడ్డ మీదే ఉంటోంది. మొన్న వెనక సీట్లోంచి చూశాను. నేర్చుకునేవాళ్ళు రోడ్డు చూస్తుంటారు కదా, ఎవరూ గమనించరనుకున్నావు. నాకు భయంగా ఉంది. నీ వంతు కూడా నేనే పడుతున్నాను. నువ్వు వెళ్ళి చూపించుకోకపోతే నీతో మాట్లాడను. మాట్లాడకుండా ఉండలేను కూడా. అందుకని వెళ్ళు.’

ఇక కామెంట్లు. గులాబీ గుండె బరువెక్కింది అంది. ఈసారి పాపం చదవకుండానే సరిపోయింది. ఎవరో ఉత్తరం రూపంలో చెప్పడం కొత్తగా ఉందన్నారు. ఎవరో చెల్లెలి నస తగ్గించమన్నారు. తరవాత విశ్లేషకుడు వచ్చాడు. కథ కంటే పొడుగ్గా కామెంట్ రాసే మనిషి, గ్రూపులో అందరికీ హడల్. వస్తువు అరిగిపోయిందేనట. సీటు బెల్టు మాత్రం స్త్రీని కట్టిపడేసే వ్యవస్థకి ప్రతీకట, అది బాగా పండిందట. ముగింపే తేలిపోయిందట. అక్క చనిపోవాలట. చనిపోయాక ఈ ఉత్తరం పంపకుండా ఫోన్లోనే మిగిలిపోయిందని చూపిస్తే పాఠకుడు ఏడుస్తాడట.

ఆ ఉత్తరం నిజంగానే పంపకుండా ఫోన్లో మిగిలిపోయింది.

ఆయన అన్నాక ఇంకేముంది, వెనకే గుంపు. అవునండీ పోవాల్సిందే అని ఒకరు. ఆస్పత్రిలో అయితే మామూలైపోతుంది, కారులోనే పోతే బాగుంటుందని ఇంకొకరు. అక్క ఎక్కడ పోవాలో, ఎలా పోవాలో తెగ చర్చ.

అరికాలి మంట నెత్తికెక్కి, ఇది కథ కాదు అని కింద రాశాను. ఒక్క ముక్క, అంతే. విశ్లేషకుడు క్షణంలో వచ్చి, ఆహా, ‘ఇది కథ కాదు’, దీన్నే చివరి వాక్యం చేయండి అన్నాడు. దానికి బోలెడు చప్పట్లు.

మార్చి 9, శనివారం

ఇంకా తీసెయ్యలేదు. ఎందుకు తీసెయ్యలేదో ఇక్కడైనా నిజం రాయాలి. ఇన్ని లైకులు నాకు జన్మలో రాలేదు. పొద్దున లేవగానే పెరిగాయా అని చూశాను. సిగ్గులేని ముండని.

మార్చి 10, ఆదివారం, పొద్దున

మా ఆయన తన ఆఫీసు గ్రూపులో ఎవరో పంపారని ఫోన్ తెచ్చి చూపించాడు. అదే. నా పేరు ఎగిరిపోయింది, కింద ‘ఎవరు రాశారో గానీ’ అని ఉంది. మొత్తం చదివాడట. రెండుసార్లు. చదివి, చూడు ఎంత బాగా రాశారో, నువ్వు కూడా ఆ పళ్ళూ గిళ్ళూ మానేసి ఇలాంటివి రాయొచ్చుగా అన్నాడు.

పెళ్ళైనప్పటి నుంచీ నా కథ ఒక్కటీ పూర్తిగా చదవని మనిషి.

చేతిలో ఉన్న గరిటె గోడకేసి కొట్టాను. అప్పుడు చెప్పాల్సి వచ్చింది. గడ్డ సంగతి, ఒట్టు సంగతి, అన్నీ. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, వదినకి తెలిస్తే నిన్ను బతకనివ్వదు, ముందది తీసెయ్యి అన్నాడు. ఆ తరవాత చిన్న గొంతుతో, వదిన బాగానే ఉంటుంది కదూ అని అడిగాడు. నాకేం తెలుసు?

అదే రోజు, మధ్యాహ్నం

తీసేద్దామని తెరిచాను. అట్టడుగున కొత్త కామెంట్. ఫొటో లేదు, బూడిద రంగు గుండ్రం. ఇవాళే తెరిచిన అకౌంట్. పేరు ‘అక్క’ అని ఉంది. ఆ గ్రూపులో ప్రతి ఆడదీ ఇంకొకదానికి అక్కే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

విశ్లేషకుడి కామెంట్ కిందే రాసింది. అక్క చావదండీ అంది. మీ ముగింపు మీ దగ్గరే ఉంచుకోండి అంది. సీటు బెల్టు దేనికీ ప్రతీక కాదు, పెట్టుకోకపోతే ఫైన్ వేస్తారు అంది. అక్క గురువారం ఆస్పత్రికి వెళ్తోంది, చెల్లెల్ని సెలవు పెట్టమనండి అంది.

చదివి వంటింట్లో నేల మీదే కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేను.

ఈలోగా విశ్లేషకుడు రానే వచ్చాడు. పాత్రే వచ్చి రచయితకి జవాబు చెప్పడం సాహసోపేతమైన ప్రయోగమట. అభినందనలట.

వీడి దుంప తెగ.

మార్చి 11, సోమవారం

పని అయ్యాక అక్క ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి, రా రచయిత్రీ అంది. ఆ పిలుపుకే సగం చచ్చాను.

కారు నేర్చుకుంటున్న ఒక ఆవిడ పంపిందట, మీరు చదివి తీరాలి మేడం అని. రెండో లైనులోనే తెలిసిపోయిందట. ముక్కు మూసి మందు పోసే అక్కలు ఊళ్ళో ఎంతమంది ఉంటారు అంది. తరవాత గ్రూపు వెతుక్కుని, అకౌంట్ తెరిచి, కామెంట్లన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివిందట. అక్క ఏ పనైనా అలాగే చేస్తుంది.

అంతా విని, పొరపాటున పెట్టానే అన్నాను. పైకెక్కిన నోటు సంగతి చెప్పాను. నమ్మింది. పొరపాటు మీద తనకి కోపం లేదంది. రోడ్డు మీద రోజూ చూసేది అవే కదా అంది. ఇంతమంది చదివినదాన్ని ఒక్క నాకే ఎందుకు పంపలేదు అని అడిగింది. వాక్యం కుదరలేదు అన్నాను. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు ఫోన్ తీసి, ఇది కూడా పొరపాటేనా అని నా మొహం ముందు పెట్టింది. అక్క చనిపోవాలి అన్న విశ్లేషకుడి కామెంట్. దాని కింద నేను, ధన్యవాదాలండీ, దండం బొమ్మ. కారులో పోవాలి అన్నవాళ్ళ కింద నేను, ధన్యవాదాలండీ. ఆస్పత్రిలో అన్నవాళ్ళ కిందా ధన్యవాదాలండీ. ఒకటీ వదల్లేదు.

నన్ను చావమన్న ప్రతివాడికీ దండం పెట్టావే అంది.

చదవకుండా పెట్టాను అన్నాను. నోట్లోంచి మాట ఊడిపడ్డాక గానీ తెలియలేదు ఏమన్నానో. మరి ఆ గులాబీని నా దగ్గర అన్నన్ని మాటలు అనేదానివే అంది. గురివింద గింజవి అంది. గురువారం వస్తున్నావా లేదా అంది. వస్తానన్నాను. వెళ్ళేది నీ మీద ప్రేమతో అనుకోకు, వాళ్ళ మీద కోపంతో వెళ్తున్నాను అంది. ఒక్కడంటే ఒక్కడు ఆవిడ బతికితే బాగుండు అనలేదట.

బయటికి వచ్చి మెట్ల మీద ఉండగా అడ్మిన్ గారు ఫోన్ చేశారు. మీ కథ ఈ ఏటి సంకలనంలో మొదటిది, చిన్న మార్పు, అక్క విషయం కాస్త తేల్చేస్తే అన్నారు. అది మా అక్కండీ, నిజం మనిషి, ఈ తలుపు వెనకే ఉంది అన్నాను. ఆయన అయ్యో అన్నారు. ఆ అయ్యో నిజమైనదే, కాదనను. తరవాత, అయితే ముందుమాటలో ఆ సంగతి కూడా వేద్దాం, ఇంకా పట్టు వస్తుంది అన్నారు.

నేను ఏమన్నానో రాయను. మెట్ల మీద దీపాలు తుడుస్తున్న ఆయన పని ఆపి చూశాడు.

మార్చి 12, మంగళవారం

సెలవు కుదరదన్నాడు ల్యాబ్ సార్. నేను అడగడం లేదు, చెబుతున్నాను అన్నాను.

మార్చి 13, బుధవారం

పోస్టు ఒకేసారి తీసెయ్యొచ్చు. కానీ ముందు నా ధన్యవాదాలన్నీ ఒక్కొక్కటే తీశాను. ఒక్కో కామెంట్ చదవడం, దాని కింద నాది తీసెయ్యడం. లంచ్ మొత్తం అదే పని. శిక్ష అనుకుంటే శిక్షే. నాకు మాత్రం చీపురు పట్టుకుని ఊడుస్తున్నట్టు అనిపించింది. మధ్యమధ్యలో కోపం మళ్ళీ మళ్ళీ లేచింది. వీళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, అదే నా ఒంటికి కారం రాసినట్టు ఉంది. నాలాంటివాళ్ళే. ఉద్యోగాలు చేసుకుని, బస్సుల్లో నిలబడి, తమ కథ ఎవరైనా చదవకపోతారా అని కాచుకుని కూర్చునేవాళ్ళు. కాచుకునీ కాచుకునీ ఎదుటివాళ్ళది చదవడం మర్చిపోయారు. వాళ్ళూ, నేనూ.

అలా ఊడుస్తుంటే మధ్యలో ఎక్కడో ఒకటి కనిపించింది. గ్రూపులో ఇంతవరకు ఒక్క కథ కూడా పెట్టని మనిషి ఎవరో. ఆవిడో ఆయనో కూడా తెలియదు. మొదటి రోజే, నేను పెట్టిన కాసేపటికే పెట్టారు. మెచ్చుకోలేదు, మార్పులు చెప్పలేదు. మీ అక్క వెళ్ళారా అండీ అని అడిగారు. అంతే.

దాని కింద నేను. ధన్యవాదాలండీ.

చేతిలో ఉన్న అచ్చు కింద పడి ముక్కలైంది. ఎవరి నోటి అచ్చో, మళ్ళీ తీయించాలి. సార్ అరిచాడు. అరవనీ. నేను ఏడాదిగా దేనికోసం ఆ గ్రూపు పట్టుకుని వేలాడుతున్నానో ఆ మనిషి వచ్చి తలుపు తడితే, తలుపు తీయకుండా దండం పెట్టి పంపించాను.

ఆ ధన్యవాదాలు తీసేసి, రేపు వెళ్తున్నామండీ, భయంగా ఉంది అని రాశాను. చూశారు. వెళ్ళి రండి, చెప్పాలనిపిస్తేనే చెప్పండి అన్నారు.

ఆ తరవాత పోస్టు తీసేశాను.

మార్చి 14, గురువారం

ఆస్పత్రిలో అక్క నర్సుని తిట్టింది, లిఫ్టుని తిట్టింది, కుర్చీలు ఇంత ఇరుకుగా ఎవడు వేశాడని ఆ వేసినవాణ్ణి తిట్టింది. పక్కన కూర్చున్న ముసలాయన నవ్వుతుంటే ఆయన్నీ తిట్టింది. కూర్చున్నంతసేపూ కుడికాలు నేలకేసి నొక్కుతూనే ఉంది. అక్కడ బ్రేకు లేదే అన్నాను. తెలుసులే నోర్ముయ్ అంది.

పిలిచారు. లేచింది. రెండడుగులు వేసి వెనక్కి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. భయమేస్తోందే అంది. ఇంత వయసొచ్చింది నాకు, అక్క నోట ఆ మాట వినడం ఇదే మొదటిసారి. నాకు ఏ వాక్యమూ తోచలేదు. ఊ అన్నాను.

సూదితో ముక్క తీశారు. రిపోర్టు వచ్చే వారం.

మార్చి 17, ఆదివారం

విశ్లేషకుడు గ్రూపులో నా కథ ఎందుకు తీసేశానని పోస్టు పెట్టాడు. విమర్శ తట్టుకోలేని కొత్త రచయితల మీద వ్యాసం. గులాబీ కింద గుండె బరువెక్కింది అని పెట్టింది.

గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. పళ్ళ కథ ఆ అడిగిన మనిషికి ఒక్కరికే విడిగా పంపాను. చదవడానికి టైము పడుతుందండీ, నెమ్మదిగా చదువుతాను అన్నారు. పట్టనివ్వండి అన్నాను.

మార్చి 21, గురువారం

రిపోర్టు వచ్చింది.

అందులో ఏముందో ఎక్కడా రాయొద్దంది అక్క, ఈ డైరీలో కూడా. ఎవడో ఒకడు చదివి ముగింపు కుదరలేదంటాడట.

రాయను.